హెర్2 రిపోర్టు రావడానికి ఇంకా పది రోజులు: ఈలోగా రోగం పాకుతుందా, అమ్మకు చెప్పాలా?

విజయవాడ నుంచి ఒక అమ్మాయి అడిగింది. వాళ్ల అమ్మగారికి 54 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ కనిపిస్తే సూదితో ముక్క తీసి పరీక్ష చేశారు, క్యాన్సర్ అని తేలింది. తర్వాతి రిపోర్టులో ఈఆర్, పీఆర్ (హార్మోన్లకు స్పందించే గుర్తులు) పాజిటివ్ అని, హెర్2 అనే ప్రొటీన్ మాత్రం 2+ అని వచ్చింది. దాన్ని తేల్చడానికి ఫిష్ అనే పరీక్షకు హైదరాబాద్ పంపారు, పది రోజులు ఆగమన్నారు. ఈలోగా రోగం పాకిపోదా? ముందు ఆపరేషన్ చేయించేయండి అని చుట్టాలు ఒత్తిడి చేస్తున్నారు, వినాలా? అమ్మకు మాత్రం ‘మామూలు గడ్డే’ అని నాన్న చెప్పారు, నిజం చెప్పాలా వద్దా? ఆఖరున ఒక్క ముక్క: నాకూ వస్తుందా?

నేను గుంటూరులో కీమో వార్డులో నర్సుగా చాలా కాలం పనిచేసి రిటైరయ్యాను. ఏ మందు, ఎన్ని డోసులు అనేది మీ డాక్టరు గారే చెప్పాలి, అందులో నేను వేలు పెట్టను. కానీ రిపోర్టు కోసం ఎదురుచూసే ఇళ్లు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు. అందుకే మీ ప్రశ్న చదివి ఊరుకోలేకపోయాను.

పది రోజుల్లో రోగం పాకిపోదు. రొమ్ములో గడ్డ చేతికి తగిలేంత పెరగడానికి చాలావరకు ఏళ్లు పడుతుంది. సరైన పరీక్ష కోసం రెండు వారాలు ఆగితే చికిత్స ఫలితం మారదు. నెలల తరబడి వాయిదా వేయడం, పసర్లు మింగుతూ కూర్చోవడం, అసలు ఆసుపత్రికే వెళ్లకపోవడం, ఇవే ప్రమాదం. మీరు చేస్తున్నది అది కాదు. ‘సూది గుచ్చారు కాబట్టి ఇక కదిలిపోతుంది’ అని మీ ఇంట్లో ఎవరో అన్నారని రాశారు. అదీ నిజం కాదు. ముక్క తీసి చూడకుండా ఏ రకం క్యాన్సరో తెలియదు, రకం తెలియకుండా మందు ఇవ్వడం కుదరదు.

ఈ పది రోజులు ఎక్కడికి పోతున్నాయో తెలిస్తే భయం కొంత తగ్గుతుందని నా నమ్మకం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. సూదితో తీసిన ముక్క అగ్గిపుల్ల కంటే సన్నగా ఉంటుంది. దాన్ని వెంటనే ఫార్మలిన్‌లో వేస్తారు. అందులో కనీసం 6 గంటలు, 72 గంటలకు మించకుండా ఉండాలి. తొందరపడి ముందే తీసినా, పట్టించుకోకుండా వదిలేసినా తర్వాతి పరీక్షల ఫలితం తారుమారవుతుంది. ఆ తర్వాత ముక్కలోని నీటినంతా తీసేసి, కరిగించిన మైనం పోసి చిన్న దిమ్మలా తయారుచేస్తారు. దాన్నే బ్లాకు అంటారు. దాని నుంచి మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు కోసి గాజు స్లైడు మీద పరుస్తారు. మొదట మామూలు రంగులు వేసి చూసి క్యాన్సరా కాదా చెబుతారు. అదే మీకు వచ్చిన మొదటి రిపోర్టు. రెండోది ఐహెచ్‌సీ. ఆ కణాల మీద హార్మోన్లకు స్పందించే గుర్తులు, హెర్2 అనే ప్రొటీన్ ఎంత ఉన్నాయో రంగు పట్టే తీరును బట్టి చెబుతారు. హెర్2కు 0 గానీ 1+ గానీ వస్తే నెగెటివ్, 3+ వస్తే పాజిటివ్. 2+ అంటే రంగు పట్టింది గానీ కంటితో చూసి ఇటో అటో తేల్చలేమని అర్థం.

ఇక్కడ ఒక్క మాట నొక్కి చెప్పాలి. 2+ అంటే రెండో దశ కాదు. ఈ ఒక్క అపార్థంతో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించకుండా ఏడ్చారో నేను చూశాను. అలాగే మీ రిపోర్టులో ‘గ్రేడ్ 2’ అని ఉంటే అదీ దశ కాదు. కణాలు మామూలు కణాలకు ఎంత భిన్నంగా ఉన్నాయో, ఎంత చురుగ్గా పెరుగుతున్నాయో చెప్పే కొలత అది. దశ అనేది గడ్డ పరిమాణం, చంకలోని గ్రంథులు, స్కానింగులు అన్నీ చూశాకే తేలుతుంది. మీ తమ్ముడు ఫోనులో వెతికి ‘స్టేజ్ 2 అట’ అన్నాడని రాశారు చూడండి, ఈ రెంటిలో ఏదో ఒక అంకెను పట్టుకుని ఉంటాడని నా అనుమానం.

ఇప్పుడు హైదరాబాదులో జరిగేది ఫిష్. కణం మధ్యలోని కేంద్రకంలో హెర్2 జన్యువు ఎన్ని ప్రతులుగా ఉందో లెక్కపెడతారు. మెరిసే రసాయనం అంటించి, చీకటి గదిలో ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద పెడితే జన్యువు ఒక రంగు చుక్కగా, దాన్ని మోసే 17వ క్రోమోజోము మరో రంగు చుక్కగా కనిపిస్తాయి. తక్కువలో తక్కువ 20 కణాల్లో ఈ రెండు చుక్కలనూ విడివిడిగా లెక్కించి నిష్పత్తి కడతారు. మీ అమ్మగారి ముక్క మీద ఒక మనిషి కూర్చుని చుక్కలు లెక్కిస్తాడు. అందరి దగ్గరా ఈ పరికరాలు ఉండవు కాబట్టే పంపడం, మళ్లీ పంపించుకోవడం. ఆలస్యం అక్కడ జరుగుతోంది తప్ప మీ అమ్మగారిని ఎవరూ మూల పడేయలేదు.

దీని కోసం ఎందుకు ఆగాలంటే, ఆ ఒక్క జవాబు మీద మొత్తం వరుస ఆధారపడి ఉంటుంది. హెర్2 పాజిటివ్ వస్తే దానికోసమే తయారైన మందు ఉంది, ట్రాస్టుజుమాబ్. అమెరికాలో 1998లో ఆమోదం పొందింది. ఇప్పుడు మన దేశంలోనే తయారవుతోంది, ధర కూడా మొదటి రోజులతో పోలిస్తే బాగా దిగింది. సాధారణంగా మూడు వారాలకొకసారి చొప్పున ఏడాది పాటు ఇస్తారు. గడ్డ రెండు సెంటీమీటర్లు దాటినా, చంకలో గ్రంథులకు పాకినా, హెర్2 పాజిటివ్ అయితే చాలాసార్లు కీమోతో కలిపి ఈ మందును ముందు ఇచ్చి, గడ్డ కరిగిన తర్వాతే ఆపరేషన్ చేస్తారు. మందుకు గడ్డ ఎంత లొంగిందో చూసి ఆ తర్వాతి మందులు కూడా నిర్ణయిస్తారు. ముందే కోసేస్తే ఆ వీలు పోతుంది. ‘ముందు తీసి పారేయించండి, తర్వాత చూసుకోవచ్చు’ అనే పెద్దవాళ్లు మీ మేలు కోరే అంటారు, కానీ వాళ్ల మాట వినకండి. డాక్టరు గారు ఆగమన్నారంటే తగిన కారణంతోనే ఆగమన్నారు.

నెగెటివ్ వచ్చినా గాబరా పడొద్దు. ఈఆర్, పీఆర్ పాజిటివ్ కాబట్టి ఏళ్ల తరబడి వాడే హార్మోను మాత్రలు మీ అమ్మగారికి పనికొస్తాయి. కీమో అవసరమా, ముందా తర్వాతా అనేది అప్పుడు వేరే లెక్క. ఏ ఫలితం వచ్చినా దానికి తగిన దారి ఉంది.

ఇక అమ్మ సంగతి. నేను ఈ జవాబు రాయడానికి అసలు కారణం ఇదే.

మీ నాన్నగారి మీద కోపం తెచ్చుకోకండి. చెబితే బెంగతో మంచం పడుతుందని ఆయన భయం. ఆ భయం వెనక ఉన్నది ప్రేమే. కానీ మామూలు గడ్డకు ఇన్ని పరీక్షలు ఎందుకు చేస్తారు, కూతురు కళ్లు ఎందుకు ఉబ్బి ఉన్నాయి, తను గదిలోకి రాగానే మాటలు ఎందుకు ఆగిపోతున్నాయి అని ఆవిడ ఆలోచించరా? మా వార్డుకు తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. కొడుకులు ఆయనకు ‘పేగుల్లో పుండు’ అని చెప్పారు, మమ్మల్ని కూడా అలాగే చెప్పమన్నారు. ఆయన గేటు దగ్గర ‘క్యాన్సర్ విభాగం’ అన్న బోర్డు కింద నుంచి ప్రతిసారీ లోపలికి నడిచి వచ్చేవారు, చదువుకున్న మనిషి. ఒకరోజు సెలైన్ ఎక్కుతుండగా నన్ను దగ్గరకు పిలిచి, ‘సిస్టరమ్మా, నాకు తెలుసన్న సంగతి మా పిల్లలకు చెప్పకండి, తట్టుకోలేరు’ అన్నారు. పొలం రాతకోతలు ఎవరి పేరిట చేయాలో, చిన్న కోడలి పురుడు ఎవరు చూసుకోవాలో అన్నీ లోపలే పెట్టుకుని ఒక్కడే మోశారు. పక్క కుర్చీలో పెద్దకొడుకు కూర్చునే ఉన్నాడు.

మీ ఇంట్లో ముగ్గురు ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటూ ఎదురుచూస్తున్నారు. నాలుగో మనిషి ఒంటరిగా ఎదురుచూస్తోంది, పైగా రోగం ఆమెది. నేను చూసినంతలో నిజం తెలిసి మంచం పట్టినవాళ్ల కంటే, ఇంట్లో అందరూ తన దగ్గర ఏదో దాస్తున్నారని కుమిలిపోయినవాళ్లే ఎక్కువ. పైగా ఇది దాగేది కూడా కాదు. కీమోకు ముందు అంగీకార పత్రం మీద ఆవిడే సంతకం పెట్టాలి. మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది. అప్పుడు తెలిస్తే రోగం బాధతో పాటు ఇన్నాళ్లూ నన్ను మభ్యపెట్టారన్న బాధ కూడా తోడవుతుంది.

ఎలా చెప్పాలంటారా? మొదట మీరు చెప్పకండి, అడగండి. ‘అమ్మా, డాక్టరు గారు చెప్పినదాంట్లో నీకేం అర్థమైంది?’ అని అడిగి ఊరుకోండి. చాలామంది తల్లులు ఆ ప్రశ్నకు ‘అదేగా’ అంటారు, మిగతా సగం వాళ్లే పూర్తిచేస్తారు. ఆవిడ నేరుగా ‘క్యాన్సరా?’ అని అడిగితే అబద్ధం చెప్పకండి. ‘అవునమ్మా, రొమ్ము వరకు ఉందని తెలిసింది, ఏ మందు సరిపోతుందో చూడటానికి ఇంకో పరీక్షకు పంపారు, అది రాగానే మనందరం కలిసి డాక్టరు గారి దగ్గరకు వెళ్దాం’ అంటే చాలు. రొమ్ము దాటిందో లేదో స్కానింగులో ఇంకా తేలకపోతే ‘రొమ్ము వరకు’ అన్న మాట కూడా వాడకండి. ఆవిడ తెలుసుకోవాలనుకున్నంతే చెప్పండి. శాతాలు, దశలు, ఎవరో పక్కింటావిడ కథలు అక్కర్లేదు. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి, ‘ఊరుకో ఊరుకో’ అని ఆపకండి. వీలైతే ఈ మాట నాన్నగారి నోటితోనే చెప్పించండి, మీరు పక్కన కూర్చోండి. ముప్పై ఏళ్ల కాపురంలో దాచిన సంగతి కూతురి ద్వారా బయటపడితే ఆయనకు తర్వాత ఆవిడ మొహం చూడటం కష్టమవుతుంది. ఆయన ససేమిరా అంటే డాక్టరు గారినో అక్కడి సిస్టర్లనో సాయం అడగండి. ఇలాంటివి మాకు కొత్త కాదు.

ఈ పది రోజుల్లో చేతికి పని ఉంది. అమ్మగారికి షుగరు ఉందని రాశారు, అదుపులో పెట్టుకోండి. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షనుకు షుగరు ఎగబాకుతుంది. పుచ్చుపళ్లు, చిగుళ్ల వాపు ఉంటే ఇప్పుడే పళ్ల డాక్టరుకు చూపించండి. కీమో మొదలయ్యాక పన్ను పీకించడం చిక్కు. గుండెకు ఎకో పరీక్ష ఎలాగూ చేయించమంటారు, ఎందుకంటే ఎర్రగా ఉండే కీమో మందుకూ ట్రాస్టుజుమాబ్‌కూ రెండింటికీ గుండె మీద కన్నేసి ఉంచాలి. పెట్ స్కాన్ (కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి ఒళ్లంతా చూసే స్కాన్) రాస్తే ముందు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ ఆ పూట ఎలా తీసుకోవాలో ముందురోజే స్కానింగ్ సెంటరుకు ఫోను చేసి అడగండి. షుగరు ఎక్కువగా ఉంటే స్కాన్ చేయకుండా వెనక్కి పంపుతారు. సూర్యారావుపేట దాకా ఎండలో పోయి తిరిగి రావడం ఆవిడకు ఉత్త శ్రమ. స్కాన్ చేయించుకున్న రోజు కొన్ని గంటలు చంటిపిల్లలను, కడుపుతో ఉన్నవాళ్లను దగ్గరకు రానివ్వకండి.

డబ్బు విషయం ఆలస్యం చేయకండి. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దానిలో కీమో, రేడియేషన్, ఆపరేషన్ ఉన్నాయి. కానీ చికిత్స మొదలు కాకముందే అనుమతి తీసుకోవాలి. సొంత డబ్బు కట్టేసి ‘తర్వాత వెనక్కి తెచ్చుకుందాం’ అనుకున్నవాళ్లు చాలా తిప్పలు పడ్డారు. మీ ఆసుపత్రి హెల్ప్ డెస్కులో కూర్చునే మిత్ర (ఈ పథకం పనులు చూసే ఉద్యోగి) దగ్గరకు ఆధార్, రేషన్ కార్డు, బయాప్సీ రిపోర్టు పట్టుకుని ఇప్పుడే వెళ్లండి, మీకు ఏది వర్తిస్తుందో అక్కడే తేల్చుకోండి. 104కు ఫోను చేసినా చెబుతారు. ఖర్చు తట్టుకోలేమనిపిస్తే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. రెండూ మీకు దూరం కాదు. ఎక్కడికి మారినా, రెండో అభిప్రాయానికి వెళ్లినా, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. స్లైడులు, బ్లాకు అడిగి తీసుకోండి, అవి మీవే. బ్లాకు మీద నంబరు, కాగితం మీద నంబరు ఒకటేనా, పేరు, వయసు, ‘ఎడమ’ అన్న మాట అన్నీ సరిగా ఉన్నాయా చూడండి. ఆ దిమ్మ పోతే మళ్లీ సూది గుచ్చాలి. ఎండలో కారులోనో స్కూటరు డిక్కీలోనో వదిలేయకండి, మైనం కదా, మన మే నెల ఎండకు మెత్తబడుతుంది.

తిండి గురించి చుట్టాలు ఇప్పటికే తలో మాట చెప్పి ఉంటారు. లక్ష్మణఫలం ఆకుల కషాయం, ఏదో పసరు, ఎవరో ఇచ్చే పొడి, వీటిని ఇంట్లోకి రానివ్వకండి. కీమో మందులు చాలావరకు కాలేయం మీదుగానే పోవాలి. అందులో ఏముందో తెలియని పొడి వల్ల కాలేయం పాడైతే డోసు వాయిదా పడుతుంది. తీపి మానేస్తే క్యాన్సర్ ఎండిపోతుందన్నదీ నిజం కాదు. ఆవిడకు షుగరు ఉంది కాబట్టి తీపి తగ్గించాలి, అంతే. గుడ్డు, పప్పు, పెరుగు, చేప కడుపునిండా పెట్టండి, ఒంట్లో సత్తువ కావాలి. ఈ పది రోజులూ ఆవకాయ అన్నం, గోంగూర పచ్చడి ఇష్టమైతే తిననివ్వండి. కీమో మొదలయ్యాక నోటి పూత వస్తే మన కారం ముట్టుకోలేరు, పెరుగన్నమే దిక్కు.

ఫోన్లు ఎత్తే పని ఒక్కరికి అప్పగించండి, మీ బాబాయి గారైతే మేలు. ప్రతి చుట్టానికీ మీరు మొదటి నుంచీ కథ చెబుతూ ఉంటే రోజుకు పదిసార్లు గాయం రేగుతుంది. తమ్ముడికి కూడా పని ఇవ్వండి. ఫైలు తేదీల వరుసలో పెట్టడం, హెల్ప్ డెస్కు చుట్టూ తిరగడం, డిజిటల్ థర్మామీటరు ఒకటి కొని తేవడం. థర్మామీటరు చిన్న విషయం అనుకోకండి. కీమో ఇచ్చిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరిగెత్తాలి, మాత్ర వేసి తెల్లారేదాకా ఆగకూడదు. రాత్రిపూట ఏ నంబరుకు ఫోను చేయాలో మొదటి డోసుకు ముందే రాయించుకుని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.

రిపోర్టు బహుశా ఫోనుకే వస్తుంది, ఏ రాత్రి తొమ్మిదింటికో. దాన్ని ఎవరు తెరవాలో అమ్మతో కలిసి ముందే అనుకోండి. అది డాక్టరు గారి కోసం రాసిన కాగితం, ఆయన ముందు తెరవడమే మంచిదని నా అభిప్రాయం. ఒకవేళ తెరిచి చూస్తే కింద ముగింపు వాక్యంలో ‘యాంప్లిఫైడ్’ అని ఉంటే పాజిటివ్, ‘నాట్ యాంప్లిఫైడ్’ అని ఉంటే నెగెటివ్. అంతటితో ఆపి ఫోను పక్కన పెట్టండి. ఇంటర్నెట్లో కనిపించే బతుకు శాతాలు ఎప్పుడో ఏళ్ల కిందట చికిత్స పొందినవాళ్లవి, మీ అమ్మగారివి కావు. డాక్టరు గారి గదిలోకి అమ్మను కూడా తీసుకెళ్లి ఆవిడనే ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. మందు ముందా ఆపరేషన్ ముందా, రొమ్ము మొత్తం తీయాలా గడ్డ వరకే సరిపోతుందా, మొత్తం ఎన్ని నెలలు పడుతుంది, ఈ మూడూ తప్పకుండా అడగండి. జవాబులు కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే బయటికి వచ్చేసరికి సగం గుర్తుండవు.

మీకు వారం నుంచి నిద్ర లేదన్నారు. 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. దగ్గరుండి చూసుకునేవాళ్లు కూలిపోతే చికిత్స కుంటుపడుతుంది.

ఆఖరి ప్రశ్న, నాకూ వస్తుందా అన్నది. అమ్మకు వచ్చినంత మాత్రాన కూతురికి వచ్చి తీరుతుందని లేదు. రొమ్ము క్యాన్సర్లలో తల్లిదండ్రుల జన్యువుల ద్వారా నేరుగా సంక్రమించేవి నూటికి ఐదు నుంచి పది వరకే. అయితే మీ అమ్మమ్మకు గానీ, పిన్నులు, పెద్దమ్మలకు గానీ రొమ్ములోనో అండాశయంలోనో క్యాన్సర్ వచ్చిందేమో ఇంట్లో అడిగి తెలుసుకోండి, నాన్నగారి వైపు ఆడవాళ్ల సంగతి కూడా. ఉంటే డాక్టరు గారికి చెప్పండి, అప్పుడు బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి ఆయనే మాట్లాడతారు. ఆ పరీక్ష మొదట అమ్మకు చేస్తారు, అందులో తేడా కనిపిస్తేనే మీకు. లేకపోతే మీరు చేయాల్సిందల్లా రొమ్ములో ఏ మార్పు కనిపించినా సిగ్గుపడకుండా వెంటనే చూపించుకోవడం, నలభై ఏళ్లు వచ్చాక డాక్టరు సలహాతో మామోగ్రామ్ తీయించుకుంటూ ఉండటం. ఈ సంగతి ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. అమ్మ చికిత్స దారిలో పడ్డాక ఆ డాక్టరు గారినే అడగవచ్చు.